వసారాను మూసి ఏసీ పెట్టేముందు తేల్చుకోవలసినవి

కప్పు ఉన్న వసారా చూడడానికి సగం కట్టి వదిలేసిన గదిలా ఉంటుంది. పైన కప్పు ఉంది, కింద గచ్చు ఉంది, ఒకవైపు ఇంటి గోడ ఎలాగూ ఉంది. మిగిలిన రెండు మూడు వైపులా గాజు తలుపులు బిగించి, గోడకు ఒక ఏసీ తగిలిస్తే తక్కువ ఖర్చుతో అదనపు గది సమకూరుతుందనే ఆలోచన ఎవరికైనా సహజంగానే వస్తుంది. అలా తయారైన గదుల్లో చాలావాటి గతి కూడా ఒక్కలాగే ఉంటుంది. మొదటి వేసవిలో ఏసీ ఆగకుండా నడిచినా మధ్యాహ్నం గది చల్లబడదు. వానలు మొదలయ్యాక గచ్చు అంచున నీళ్లు చేరతాయి. ఆ తరువాత గోడ మూలల్లో బూజు కనిపిస్తుంది. ఏసీ చిన్నదైపోయిందనుకుని పెద్దది తెస్తారు. కరెంటు బిల్లు పెరుగుతుంది గాని గది తీరు మారదు.

లోపం ఏసీలో వెతికితే దొరకదు. వసారాను కట్టినవారు దాన్ని గదిగా ఊహించి కట్టలేదు. గాలి ధారాళంగా ఆడాలి, జల్లు పడితే నీరు బయటికి జారిపోవాలి, ఎండ ఇంటి గోడను తాకకుండా ఆగాలి: ఈ మూడు పనుల కోసమే దాని ప్రతి భాగమూ రూపుదిద్దుకుంది. అందుకే గచ్చు బయటికి వాలుగా ఉంటుంది, కప్పు పలుచగా ఉంటుంది, స్తంభాలు ఆ కప్పు బరువుకు సరిపడేంతే ఉంటాయి. ఏసీ గది చేయవలసిన పని దీనికి పూర్తిగా ఎదురు. అది గాలిని ఆపాలి, తేమను ఆపాలి, కప్పు మీద పడిన వేడిని కిందికి దిగనివ్వకూడదు. కాబట్టి వసారాను గదిగా మార్చడమంటే, ఆ కట్టడం కోసం ఒకప్పుడు తీసుకున్న నిర్ణయాలను ఒక్కొక్కటిగా తిరగదిప్పడమే. ఏసీ కొనడం ఆ వరుసలో అన్నిటికంటే చివరన రావలసిన పని.

హద్దు ఎక్కడ గీయాలి?

చల్లబరిచే ఇల్లు ఏదైనా ఒక హద్దు లోపల ఉంటుంది. ఆ హద్దుకు ఇవతల చల్లని పొడి గాలి, అవతల వేడి, తేమ నిండిన గాలి. కప్పు, గోడలు, గచ్చు, తలుపులు, కిటికీలు అన్నీ కలిస్తేనే ఆ హద్దు. వాటిలో ఏ ఒక్కచోట సందు ఉన్నా హద్దు అక్కడ తెగినట్టే. వసారా ఉన్న ఇంట్లో ఈ హద్దు ఇంటి గోడ వెంట, ముందు తలుపు మీదుగా సాగుతుంది, వసారా దానికి బయట ఉండిపోతుంది. ఇప్పుడు ఆ హద్దును వసారా బయటి అంచుదాకా జరపాలా, లేక ఉన్నచోటే ఉంచి వసారా చుట్టూ రెండో హద్దు గీయాలా అన్నది మొట్టమొదట తేల్చుకోవలసిన ప్రశ్న. చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే గాజు కొలతలు తీయించడానికి వెళ్లిపోతారు.

మధ్యనున్న తలుపును, గోడను తీసేసి హాలును, వసారాను ఒకటి చేస్తే విశాలంగా కనిపించే మాట నిజమే. అయితే ఆ క్షణం నుంచి వసారాలోని ప్రతి లోపమూ ఇల్లంతటిదీ అవుతుంది. వసారా కప్పు నుంచి దిగే వేడి, దాని అద్దాల అంచుల్లోంచి దూరే తేమ ఇక హాలులోకి వచ్చేస్తాయి. హాలులో ఉన్న ఏసీయే వసారాను కూడా చల్లబరుస్తుందనుకుంటే మరొక చిక్కు ఉంది. ఆ ఏసీ తన చుట్టూ ఉన్న గాలి ఉష్ణోగ్రతను చూసి నడుస్తుంది, ఆగుతుంది. హాలు చల్లబడగానే తన పని అయిపోయిందనుకుంటుంది. పశ్చిమపు ఎండలో కాగుతున్న వసారా సంగతి దానికి తెలిసే వీలు లేదు. అదీగాక, తీసేయాలనుకున్న ఆ మధ్య గోడ కప్పు బరువు మోస్తున్న గోడ అయితే వ్యవహారం స్ట్రక్చరల్ ఇంజినీరు దగ్గరికి వెళ్లక తప్పదు.

పాత గోడను, తలుపును అలాగే ఉంచి వసారాకు విడిగా ఒక ఏసీ పెట్టుకోవడమే ఎక్కువ ఇళ్లకు తగిన మార్గమని నా నమ్మకం. వాడుకున్న గంటలు మాత్రమే దాన్ని చల్లబరచవచ్చు, మిగిలిన సమయంలో తలుపు మూసేస్తే ఇంటి అసలు హద్దు చెక్కుచెదరకుండా ఉంటుంది. వసారాలో ఏదైనా పొరపాటు జరిగినా అది అక్కడికే పరిమితమవుతుంది.

వీటికి మధ్యస్థంగా, డబ్బు సరిపోక, ముందు అద్దాలు బిగించి ఏసీ సంగతి తరువాత చూద్దామనుకునే దారి ఒకటి ఉంది. అన్నిటిలో ఇదే చెడ్డది. అద్దం సూర్యకాంతిని లోపలికి రానిస్తుంది, ఆ కాంతికి వేడెక్కిన గచ్చు, సామాను వెలువరించే పరారుణ వికిరణాన్ని మాత్రం బయటికి పోనివ్వదు. వేడెక్కిన గాలికి కూడా బయటపడే దారి ఉండదు. ఇంతకాలం ఇంటికి నీడనిచ్చిన వసారా అప్పుడు ఇంటి గోడను ఆనుకుని ఉన్న వేడి పెట్టె అవుతుంది, దాని వెనక గదులు ఇదివరకటికంటే ఉక్కపోస్తాయి. ఏసీ వెంటనే పెట్టలేకపోతే, కనీసం పూర్తిగా తెరుచుకునే కిటికీ రెక్కలు పెట్టించి గాలి దారిని ఉంచుకోవడం అవసరం.

ఒక మధ్యాహ్నం లెక్క

వేడి ఎక్కడినుంచి ఎంత వస్తుందో అంకెల్లో చూస్తే గాని ఈ విషయం మనసుకు ఎక్కదు. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న ఒక వసారాను ఊహించుకుందాం. అది పడమటి ముఖంగా ఉంది, ఆ వైపు 8 చదరపు మీటర్ల మేర మామూలు ఒంటి పొర అద్దం బిగించారు, పైన ఏ పొరా లేని ఇనుప రేకు కప్పు. బయట 38 డిగ్రీల సెల్సియస్, గాలిలో తేమ 50 శాతం; లోపల 25 డిగ్రీలు, తేమ 50 శాతం కావాలి.

పడమటి గోడ మీద సాయంత్రపు ఎండ చదరపు మీటరుకు సుమారు 600 వాట్ల తీవ్రతతో పడుతుంది. మామూలు అద్దం అందులో దాదాపు 80 శాతాన్ని లోపలికి వదులుతుంది. అంటే ఒక్క ఎండ రూపంలోనే 3.8 కిలోవాట్లు. లోపలికీ బయటికీ ఉన్న 13 డిగ్రీల తేడా వల్ల అదే అద్దం గుండా మరో 0.6 కిలోవాటు వస్తుంది. ఎండకు 65 డిగ్రీలదాకా కాగిన రేకు తన 12 చదరపు మీటర్ల నుంచి సుమారు 2.9 కిలోవాట్లు కిందికి దింపుతుంది. సందుల్లోంచి గంటకు రెండుసార్లు గది గాలి మారిపోతోందనుకుంటే, ఆ గాలిలోని వేడికి 0.3, తేమకు 0.6, మొత్తం 0.9 కిలోవాటు. ముగ్గురు మనుషులు, ఒక టీవీ, దీపాలు కలిపి మరో 0.5. అన్నీ కూడితే 8.7 కిలోవాట్లు.

ఏసీల భాషలో టన్ను అంటే 3.5 కిలోవాట్లు. యంత్రాలు రాకముందు మంచుగడ్డలతో చల్లబరిచిన కాలపు మాట అది: 2000 పౌండ్ల మంచు 24 గంటల్లో కరిగితే ఎంత వేడిని పీల్చుకుంటుందో అదే ఒక టన్ను. ఆ కొలతలో మన వసారాకు కావలసింది దాదాపు రెండున్నర టన్నులు. గది వైశాల్యం చూసి టన్నులు చెప్పే బండ లెక్క ప్రకారమైతే 12 చదరపు మీటర్లకు ఒక టన్ను చాలు. ఆ లెక్క మామూలు గోడలు, మామూలు కిటికీలు ఉన్న గదికోసం పుట్టింది. ఒక గోడలో ఎక్కువ భాగం అద్దం, తలమీద రేకు ఉన్న చోట అది పనిచేయదు. ఏసీ చిన్నదైపోయిందనే నిరాశకు మూలం ఇక్కడే ఉంది.

ఇప్పుడు అదే వసారాను సరిచేద్దాం. అద్దాన్ని 5 చదరపు మీటర్లకు తగ్గించి మిగిలిన చోట తేలికపాటి ఏఏసీ ఇటుకల (లోపల గాలి బుడగలు ఉండే సిమెంటు ఇటుకల) గోడ కట్టి, ఆ అద్దాన్ని రెండు పొరలది పెట్టి, దాని బయట ఎండలో ముప్పాతిక వంతును ఆపగల తెర కడితే, ఎండ వాటా 0.6కు, అద్దం గుండా ప్రసరించేది 0.2కు పడిపోతాయి. గోడ నుంచి 0.1 అనుకోవచ్చు. రేకుకు 50 మిల్లీమీటర్ల పఫ్ (వేడిని ఆపే పాలీయురేథేన్ నురుగు) పొర తోడైతే 2.9 కిలోవాట్లు కాస్తా 0.2 అవుతుంది. మనుషులు, సామాను వాటా 0.5 మారదు. గాలి వాటా కూడా పెద్దగా తగ్గదని ముందే ఒప్పుకోవాలి. సందులన్నీ మూసినా, మనిషికి సెకనుకు 7 నుంచి 10 లీటర్ల చొప్పున బయటి గాలి కావాలి కాబట్టి, ముగ్గురికోసం ఆ గాలిని మనమే లోపలికి తేవలసి ఉంటుంది. ఆ 0.9ని అలాగే ఉంచినా మొత్తం 2.5 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ హాయిగా మోయగల బరువు ఇది.

అద్దం మీది ఎండ, కప్పు వేడి సరిగ్గా ఒకే నిమిషంలో శిఖరానికి చేరవు కనుక అసలు గరిష్ఠం ఈ మొత్తాలకంటే కొంత తక్కువే ఉంటుంది. అయినా రెండింటి మధ్య నిష్పత్తి మాత్రం చెరిగిపోదు. ఒక వంతు కరెంటుతో మూడున్నర వంతుల వేడిని తోడే ఏసీ అనుకుంటే, మొదటి వసారాకు అది 2.5 కిలోవాట్లు తీసుకుంటుంది, రెండోదానికి 0.7. అలాంటి ఐదు గంటలకు దాదాపు పన్నెండున్నర యూనిట్లు, మూడున్నర యూనిట్లు. ఈ తేడా ప్రతి వేసవిలో ప్రతిరోజూ కొనసాగుతుంది, అందువల్ల కప్పు మీద, నీడ మీద పెట్టిన ఖర్చును ఏసీ ధరతో పాటు దాని జీవితకాలపు బిల్లుతో కూడా పోల్చి చూడాలి.

నీడ విషయంలో ఒక సంగతి గట్టిగా చెప్పాలి. తెర అద్దానికి బయట ఉండాలి. లోపలి కర్టెన్ మీద ఎండ పడేసరికే వేడి గదిలోకి వచ్చేసింది. కర్టెన్ తాను వేడెక్కి, ఆ వేడిని గదికే తిరిగి ఇస్తుంది, కొంత భాగాన్ని మాత్రమే అద్దం గుండా వెనక్కి పంపగలదు. వెదురు తడిక గాని, మడత తెర గాని, నిలువు పలకలు గాని, బయట ఉన్నది ఏదైనా లోపల ఉన్న మేలురకం కర్టెన్‌కంటే ఎక్కువ పని చేస్తుంది. ఉత్తరార్ధగోళంలో దక్షిణ ముఖానికి పైనుంచి ముందుకు వచ్చిన చూరు చాలు, ఎందుకంటే వేసవి మధ్యాహ్నం సూర్యుడు ఎత్తులో ఉంటాడు. తూర్పు, పడమరలకు ఆ చూరు ఉపయోగపడదు, వాలిన ఎండ దాని కిందినుంచే దూరుతుంది. అక్కడ నిలువు తెరలే శరణ్యం. అద్దానికి నల్లని ఫిల్మ్ అంటిస్తే ఎండ తగ్గే మాట నిజమే గాని, ఎండను పీల్చుకునే రకం ఫిల్మ్ అద్దాన్నే వేడెక్కిస్తుంది. సగం నీడలో సగం ఎండలో ఉండే అద్దం, ముఖ్యంగా రెండు పొరలది, అలాంటి ఒత్తిడికి పగిలే ప్రమాదం ఉంది. ఎంచుకోగలిగితే, వెలుతురును రానిచ్చి వేడిని వెనక్కి పంపే సన్నని లోహపు పూత ఉన్న లో-ఈ అద్దం మెరుగు.

పారదర్శకమైన పాలికార్బొనేట్ కప్పు అందంగా ఉంటుంది, కాని ఏసీ గదికి దాన్ని ఎంచుకోవద్దనే నా సలహా. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు సమతలం మీద చదరపు మీటరుకు 900 వాట్లకు పైగా పడుతుంది. అంత ఎండకు తలుపు తెరిచి పెట్టి, దాన్ని తోడడానికి యంత్రం కొనడంలో అర్థం లేదు.

కప్పు వేడిని గాలి ఉష్ణోగ్రతతోనే కొలవలేం. లోపలి గాలి 25 డిగ్రీల్లో ఉన్నా, తలమీద 45 డిగ్రీల రేకు ఉంటే దాని వికిరణం నేరుగా ఒంటిని తాకుతుంది, గదిలో ఉన్నవారికి ఉడుకుగానే ఉంటుంది. ఏసీ ఎంత తగ్గించినా ఎందుకో హాయిగా లేదని చెప్పుకునే గదుల్లో తరచు జరిగేది ఇదే. కాంక్రీటు స్లాబు ఉంటే మరో తీరు: అది పగటి ఎండను తనలో దాచుకుని కొన్ని గంటలు ఆలస్యంగా, సరిగ్గా సాయంత్రం మనం కూర్చునే వేళకు, కిందికి వదులుతుంది. స్లాబు పైన తెల్లని ప్రతిఫలన పూత, దాని కింద ఉష్ణ నిరోధక పొర వేయడం ఉత్తమం. రేకు కప్పు అయితే రేకుల మధ్య పఫ్ నింపి వచ్చే పలకలు వాడవచ్చు, లేదా ఉన్న రేకు కింద రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూది లాంటి పొర) పరిచి జిప్సం బోర్డు సీలింగ్ బిగించవచ్చు. థర్మాకోల్, పఫ్ మంటకు అంటుకుంటాయి కనుక వాటిని గదిలోకి బయటపెట్టి వదలకుండా జిప్సం బోర్డు లాంటి నిప్పును తట్టుకునే పొరతో కప్పాలి. వెండి రంగు రేకు కాగితాన్ని అంటించినంత మాత్రాన ఫలితం రాదు. దాని మెరిసే ముఖం ముందు కనీసం రెండు సెంటీమీటర్ల ఖాళీ గాలి ఉంటేనే అది వికిరణాన్ని ఆపుతుంది, రెండు పలకల మధ్య నొక్కేస్తే వేడి దాని గుండా మామూలుగానే ప్రసరిస్తుంది.

కనిపించని నీరు

పైన లెక్కలో గాలి వాటాను రెండుగా విడదీశాం: వేడికి 0.3, తేమకు 0.6. ఆ రెండో అంకె చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. 38 డిగ్రీల్లో 50 శాతం తేమ ఉన్న గాలి కిలోకు సుమారు 21 గ్రాముల నీటి ఆవిరిని మోస్తుంది. 25 డిగ్రీల్లో 50 శాతం తేమ అంటే 10 గ్రాములే. ఆ 11 గ్రాముల తేడాను ఏసీ నీరుగా మార్చి బయటికి పంపాలి, అలా మార్చేటప్పుడు ఆవిరిలో దాగిన గుప్తోష్ణాన్ని కూడా తోడాలి. మన వసారాలో అది గంటకు దాదాపు ఒక లీటరు నీరు. సముద్రతీర ప్రాంతాల్లో బయట 32 డిగ్రీలే ఉన్నా గాలి ఇంతే నీటిని మోయగలదు, అందుకే అక్కడ ఉష్ణోగ్రత చూసి పని తేలికనుకుంటే పొరపాటవుతుంది.

1902లో విల్లిస్ కారియర్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయం కోసం తొలి ఆధునిక ఏసీ యంత్రాన్ని రూపొందించినప్పుడు ఆయన ముందున్న సమస్య ఉక్కపోత కాదు. తేమకు కాగితం సాగి, ముడుచుకుని, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకపోవడం ఆ ముద్రణాలయపు బాధ. తేమను అదుపు చేయడం ఏసీకి పుట్టుకతో వచ్చిన పని అన్నమాట, మనం ఇవాళ దాన్ని చల్లదనానికి తోకగా చూస్తున్నాం.

ఈ కోణంలో చూస్తే అవసరానికి మించిన ఏసీ ఎందుకు చేటో అర్థమవుతుంది. లోపలి కాయిల్ మీద తేమ బొట్లుగా చేరి, జారి, పైపు గుండా బయటికి పోవడానికి యంత్రం కొంతసేపు వరుసగా నడవాలి. పెద్ద ఏసీ గాలిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది. కంప్రెసర్ ఆగి ఫ్యాను తిరుగుతుంటే కాయిల్ మీద మిగిలిన తడి తిరిగి ఆవిరై గదిలోకే వస్తుంది. గది చల్లగా, జిగటగా, కొంచెం వాసనగా ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీ తన వేగాన్ని తగ్గించుకుని ఎక్కువసేపు నడవగలదు కనుక వసారా లాంటి గంట గంటకూ బరువు మారే గదికి అదే మేలు, అయినా దానికి కూడా తగ్గగల కనిష్ఠ స్థాయి ఒకటి ఉంటుంది.

ఇక గోడలోపలి తేమ. వేడి, తేమ ఉన్న ప్రాంతాల్లో ఆవిరి బయటినుంచి చల్లని లోపలి వైపుకు ప్రయాణిస్తుంది. దాన్ని ఆపే పొర గోడకు బయటి వైపున ఉండాలి, లోపలి ముఖం ఊపిరి పీల్చేదిగా ఉండాలి. ఆవిరిని ఆపే వినైల్ కాగితాన్ని లోపలి గోడకు అంటిస్తే, బయటినుంచి వచ్చిన తేమ ఆ చల్లని కాగితం వెనక చిక్కుకుని నీరవుతుంది. బూజు అక్కడే, కంటికి కనిపించని చోట పుడుతుంది. చలి దేశాల్లో శీతాకాలంలో ప్రయాణం తారుమారు అవుతుంది కాబట్టి అక్కడి నియమమూ తారుమారే. ఎక్కడో చూసిన వీడియోలోని పొరల వరుసను తన వాతావరణం చూసుకోకుండా అనుసరించేవారు నష్టపోయేది ఇందువల్లనే.

రేకు కప్పుకు ఈ విషయంలో మరొక బలహీనత ఉంది. మబ్బు లేని రాత్రి రేకు తన వేడిని ఆకాశానికి వెదజల్లి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. మూసిన గదిలోని మనుషుల ఊపిరి తేమ దాని అడుగున బొట్లు కట్టి కారితే, కప్పు కారుతోందని వాననీటి దారి కోసం వెతకడం జరుగుతుంటుంది. గది తేమ రేకుదాకా చేరకుండా సీలింగ్ అంచులను మూయడమే దీనికి మందు.

గచ్చు, గోడ, కీళ్లు

వసారా గచ్చు సాధారణంగా మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల చొప్పున బయటికి వాలి ఉంటుంది, మూడు మీటర్లలో అది ఆరు సెంటీమీటర్లదాకా తేడా. బీరువా నిలబెట్టాలంటే సమం చేయక తప్పదు. ఆ పనిలోనే కింద మందపాటి పాలిథీన్ పొర పరిచి నేల చెమ్మను ఆపితే ఒకే ఖర్చుతో రెండు పనులు అవుతాయి, ఎందుకంటే వసారా గచ్చు కింద అలాంటి పొర ఉండడం అరుదు. ఇంటి గచ్చుతో సమానంగా ఎత్తు లేపాలనే కోరిక వచ్చినప్పుడు మాత్రం ఆలోచించాలి: ఆ మెట్టు తేడాయే ఇంతకాలం వసారాలోకి వచ్చిన నీటిని ఇంట్లోకి రాకుండా ఆపింది. దాన్ని తీసేస్తే ఆ కాపలా అంతా కొత్త తలుపు గడప మీద పడుతుంది. గడపను గచ్చుకంటే ఎత్తుగా కట్టి, బయటి నేలను దూరంగా వాల్చాలి. గచ్చులో ఉన్న నీటి రంధ్రాలను వదిలేయకుండా మూయాలి, కప్పు నుంచి దిగే పైపు ఇప్పుడు లోపలికి పడుతుంటే దాన్ని బయటికి మళ్లించాలి.

గోడల బరువు సంగతి ఇంజినీరుకు వదలాలి, ముఖ్యంగా ఇంటి నుంచి ముందుకు పొడుచుకు వచ్చిన, కింద స్తంభాలు లేని స్లాబు మీద. దాని కొసన ఇటుక గోడ కట్టడం ప్రాణాపాయం. అక్కడ తేలిక చట్రాలే తగినవి, అవి కూడా స్లాబు బరువుకు కొద్దిగా కిందికి వంగినా అద్దం మీద ఒత్తిడి పడకుండా పైన కాస్త సందు వదిలి, సాగే సీలెంట్‌తో నింపాలి. మూసిన వసారాను గాలివాన ఢీకొనే తీరు కూడా మారుతుంది; ఇదివరకు స్తంభాల మధ్యనుంచి సాగిపోయిన గాలి ఇప్పుడు అద్దాల మీద, వాటిగుండా స్తంభాల మీద ఒత్తుతుంది.

సందులు ఎక్కువగా దాక్కునే చోటు రేకు అలలకూ, దాన్ని మోసే బీముకూ మధ్య. ప్రతి అల కింద చేయి పట్టేంత ఖాళీ ఉంటుంది, అలాంటివి నాలుగు మీటర్ల పొడవునా. వాటికోసం ఆ అల ఆకారంలోనే తయారైన ఫోమ్ పట్టీలు దొరుకుతాయి. పాత గోడను కొత్త గోడ తాకే చోట కూడా సిమెంటుతో పూడ్చి ఊరుకుంటే ఏడాదిలో చీలుతుంది, ఎందుకంటే రెండూ వేర్వేరు పునాదుల మీద వేర్వేరుగా కదులుతాయి.

మూసేముందు ఒకసారి చుట్టూ చూడాలి

ఖర్చు, హాయి కాకుండా ప్రాణాలకు సంబంధించిన సంగతులు కొన్ని ఉన్నాయి. గ్యాస్ గీజర్ పొగ గొట్టం, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను వసారాలోకి తెరుచుకుని ఉన్న ఇళ్లు తక్కువేమీ కావు. తెరిచి ఉన్నంతకాలం ఆ పొగ గాలిలో కలిసిపోయింది. మూసిన తరువాత కార్బన్ మోనాక్సైడ్ అక్కడే పోగవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గొట్టాన్ని బయటికి మళ్లించిన తరువాతే మొదటి అద్దం బిగించాలి. వసారాలో జనరేటరు గాని గ్యాస్ సిలిండరు గాని ఉంటే అవి కూడా బయటికి పోవాలి.

పడకగది కిటికీ వసారాలోకి తెరుచుకుంటుంటే అది ఇక బయటికి దారి కాదు. అగ్నిప్రమాదం జరిగితే ఆ గదిలోనివారు ఎటునుంచి బయటపడాలో ముందే ఆలోచించి, వసారా కొత్త గోడలో తాళం చెవి అక్కరలేకుండా లోపలినుంచి తెరవగల తలుపు ఉంచాలి. ఆ గదికి వెలుతురు, గాలి కూడా ఆ కిటికీ నుంచే వస్తుంటే, కొత్త గది సంపాదించుకునే హడావిడిలో పాత గదిని చీకటి కొట్టుగా మారుస్తున్నామేమో చూసుకోవాలి. మోకాలి ఎత్తు లోపు వచ్చే అద్దాలన్నీ పగిలినా పదునైన పెద్ద ముక్కలుగా మీద పడని టెంపర్డ్ లేదా లామినేటెడ్ అద్దాలై ఉండాలి.

ఇంట్లోని మరో గది ఏసీకి చెందిన అవుట్‌డోర్ యూనిట్ వసారాలోనే నిలబడి ఉందా అన్నది చూడాలి. గదినుంచి 5 కిలోవాట్ల వేడిని తోడే యంత్రం తాను వాడిన కరెంటును కూడా కలిపి ఆరున్నర కిలోవాట్ల దాకా బయటికి విసురుతుంది. దాన్ని అద్దాల లోపల బంధిస్తే తన వేడిని తానే పీల్చుకుని ఆగిపోతుంది. కొత్త ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌కు కూడా ముందు వైపు అడ్డులేని ఖాళీ కావాలి.

అనుమతుల విషయంలో నియమాలు ఊరూరికీ వేరు, కాని ఒక అంశం చాలాచోట్ల ఉమ్మడిగా ఉంటుంది: తెరిచి ఉన్న వసారాను కట్టడపు వైశాల్యంలో లెక్కించని లేదా తగ్గించి లెక్కించే నియమం, దాన్ని మూయగానే వర్తించకుండా పోతుంది. వదలవలసిన ఖాళీ స్థలంలోకి గది చొచ్చుకువచ్చినట్టూ అవుతుంది. రాతపూర్వకమైన అనుమతి చేతికి వచ్చాకే పని మొదలుపెట్టాలి. విద్యుత్ విషయం ఇంకా సూటిగా ఉంది. వసారాకు వచ్చే వైరు ఒక దీపానికి, ఒక ఫ్యానుకు వేసింది. ఏసీకి మీటరు పెట్టె నుంచి విడిగా తగిన మందం గల రాగి వైరు, తన సొంత ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతట అదే ఆపే స్విచ్చి), మంచి ఎర్తింగ్ ఉండాలి.

పని వరుస విషయంలో నేను సూచించేది ఇది. కప్పు, నీడ, గోడలు, గచ్చు, సందులు పూర్తయ్యాక ఏసీ కొనకుండా కొన్ని రోజులు ఆగాలి. ఒక గట్టి వాన పడనివ్వాలి, పడకపోతే గొట్టంతో గడపల మీద, కప్పు కీళ్ల మీద పది నిమిషాలు నీరు కొట్టించి లోపల చూడాలి. తరువాత వసారా కిటికీలన్నీ మూసి, ఒక టేబుల్ ఫ్యానును మధ్య తలుపులో నిలబెట్టి గాలిని ఇంట్లోకి లాగిస్తూ, వెలిగించిన అగరుబత్తిని అద్దాల అంచుల వెంట, రేకు అలల కింద, గోడ కీళ్ల దగ్గర నడిపించాలి. పొగ ఎక్కడ లోపలికి వంగితే అక్కడ సందు ఉంది, అక్కడ సుద్దతో గుర్తు పెట్టి మళ్లీ మూయించాలి. చివరగా ఎండ గట్టిగా ఉన్న ఒక మధ్యాహ్నం సీలింగ్ అడుగు ఉష్ణోగ్రతను, గది గాలి ఉష్ణోగ్రతను కొలవాలి. సీలింగ్ గాలికంటే రెండు మూడు డిగ్రీల కంటే ఎక్కువ వేడిగా ఉంటే కప్పు పని ఇంకా మిగిలి ఉందని అర్థం. ఆ తేడా సరిపోయాక, పైన చూపినట్టు అద్దం, కప్పు, గాలి, మనుషుల వాటాలను తన గది కొలతలతో వేసుకుంటే ఎన్ని టన్నుల ఏసీ కావాలో అంగడివారిని అడగనక్కరలేకుండానే తేలుతుంది.